బేరమాడని పసుపు

ఈ మధ్య మా సంతలో మనుషుల కంటే డబ్బాలు ఎక్కువ మాట్లాడుతున్నాయి. చింతపండు గంప పక్కన ఒక డబ్బా, ఎండుచేపల గోనె పక్కన ఒక డబ్బా, చిలగడదుంపలు ఉడకబెట్టి అమ్మే ముసలాయన మోకాలి దగ్గర ఇంకో డబ్బా. మనం ఫోను చూపించి డబ్బు పంపగానే ఎంత ముట్టిందో అది సంతంతా వినేలా అరుస్తుంది. ఒకప్పుడు ఏది ఎంతకి కొన్నామన్నది మన గుట్టు. పక్కింటావిడకి చెప్పేటప్పుడు పది రూపాయలు తగ్గించి చెప్పి, ఆవిడ మొహం మాడితే లోపల మురిసిపోయేవాళ్లం. ఆ చిన్న అబద్ధానికి కూడా ఇప్పుడు చోటు లేకుండా పోయింది.

నాది కోపిష్టి నోరని ఆఫీసులో పేరుండేది. ఉండనీ. ఉద్యోగమంతా ఏజెన్సీలోనే గడిచింది నాకు. రంపచోడవరంలో కొన్నాళ్లు, పాడేరులో చాలా ఏళ్లు, సర్కారు కాగితాలు టైపు కొట్టుకుంటూ. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగినవాళ్లకి అప్పట్లో ఒక్కొక్కరికీ ఒక్కో కారణం చెప్పేదాన్ని, ఇప్పుడు అడిగేవాళ్లే లేరు. రిటైరయ్యాక కిందికి, మా విజయనగరం వైపు వెళ్లిపోతాననుకున్నారు అందరూ. కింద నాకోసం కాచుకుని కూర్చున్నదెవరు? అరకులో రెండు గదుల ఇల్లు అద్దెకు తీసుకున్నాను. ముందు చిన్న అరుగు, వెనక నాలుగు మిరియాల తీగలు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి.

నేను దిగినప్పుడు చుట్టూ కాపురాలుండేవి. ఒక్కొక్కరే ఇళ్లను టూరిస్టుల గదులుగా మార్చేసి తాము వెనక రేకుల షెడ్డుల్లోకి సర్దుకున్నారు. నా గోడకి అవతల ఉన్న గదికి మంగళవారం ఒక ధర, మంచు పడే నెలల్లో శనివారం దానికి నాలుగింతలు. మంచం అదే, దుప్పటి అదే, దోమ కూడా అదే. అడిగితే ఫోనులో ధర దానంతటదే పెరుగుతుంది మేడం, మా చేతిలో ఏమీ లేదంటారు. ధర పెంచే పాపం కూడా తన చేతికి అంటకుండా చేసుకున్నాడు మనిషి. కాఫీ సంగతి సరేసరి. ఈ కొండ మీద కాసిన గింజ కిందికి దిగి, వేగి, రంగుల సంచిలో కూర్చుని, మళ్లీ అదే ఘాటు రోడ్డెక్కి వచ్చి అద్దాల హోటల్లో కప్పుగా మారుతుంది. ఆ కప్పు ధర చూసి, గింజ పండించినవాడు ఎదురుగా బడ్డీలో టీ తాగి ఇంటికి పోతాడు.

ఇక ఫోను రీచార్జి. నెల అని చెప్పి ఇరవై ఎనిమిది రోజులకే గొంతు నొక్కుతాడు. ఏ పంచాంగంలో ఉంది ఆ నెల? పైగా రోజుకింత డేటా అని నా నెత్తిన కుమ్మరిస్తాడు. నాకు కావలసింది మాటలు. మాటలు మాత్రమే అమ్మే చౌక ప్లాను ఎక్కడో ఉంటుందట, దాన్ని వెతికి పట్టుకునేసరికి తాతలు దిగివస్తారు. అయినా దొరికితే మాత్రం ఎవరితో మాట్లాడతాను? ఒకసారి సబ్బులూ పప్పులూ ఇంటికి పంపే కంపెనీ వాళ్ల యాప్ పెట్టుకున్నాను ఫోనులో. రెండు వారాలు ఏమీ కొనకపోతే, మీరు కనిపించక మాకు బెంగగా ఉంది అని తెలుగులో మెసేజి పంపింది. చదివి నవ్వాను. ఆ తరవాత కాసేపటికి నవ్వు ఆగిపోయింది. నేను కనిపించలేదని ఆ ఏడాదిలో ఎవరైనా అనడం అదే మొదటిసారి.

ఇన్ని చెబుతున్నది ఎందుకంటే, వారంలో ఆరు రోజులు నా గొంతు నాకు వినపడదు. పాలపాకెట్ గుమ్మానికి వేలాడదీసి పోతాడు. కరెంటు బిల్లు ఫోనులో వస్తుంది, ఫోనులోనే పోతుంది. బ్యాంకుకి వెళ్లే పని లేదు, పోస్టాఫీసుకి వెళ్లే పని లేదు. అన్నీ సుఖాలే. ఆ సుఖాలన్నీ కలిసి నన్ను ఇంట్లో కూర్చోబెట్టి తలుపేశాయి. ఏడో రోజు సంత. ఆ రోజు ఉదయం నేను తల దువ్వుకునే తీరే వేరుగా ఉంటుంది.

సంతలో నాకు ఒక మనిషి ఉంది. కొండ అవతలి గూడెం నుంచి వస్తుంది, జీపు దిగి ఇంకా చాలా దూరం నడక. నాకంటే నాలుగైదేళ్లు చిన్నది కావచ్చు. పసుపు, అల్లం, చిక్కుడు గింజలు, అడ్డాకుల విస్తళ్లు, చలికాలంలో కొండచీపుళ్లు. నన్ను అప్పా అంటుంది. అంటే అక్క. నన్ను అక్కా అని పిలిచేవాళ్లు ఈ భూమ్మీద ఇంకెవరూ లేరు, అందుకని ఆ పిలుపు కోసం కూడా వెళ్లేదాన్ని.

మా ఇద్దరి బేరం మీరు చూసి తీరాల్సింది. పసుపు ఎంతే అంటాను. ఆకాశంలోంచి ఒక ధర దింపుతుంది.

"ఏటే, పసుపా బంగారమా? పక్కన సగానికిత్తన్నారు."

"అయితే పక్కకే ఎల్లప్పా. ఆలు మట్టి కలిపి అమ్ముతారు, నీకు అదే బాగుంటాది."

"నా పింఛను నీ పసుపుకే సాలదు."

"కూకుని తినీదానివి, నీకేటి కరుసు?"

ఇక నేను లేవాలి. నాలుగు అడుగులు వెయ్యాలి. ఆవిడ పిలవాలి. పిలవకపోతే నేనే చెప్పు సర్దుకుంటున్నట్టు ఆగాలి. మళ్లీ కూర్చోవాలి. కూర్చున్నాక మధ్యలో పసుపు ఎటో పోయేది. నా మోకాలి నొప్పి వచ్చేది, ఆవిడ కోళ్లను ఎత్తుకుపోయిన అడవిపిల్లి వచ్చేది, ఆవిడ మొగుడు తాగి జీలుగుచెట్టు కింద పడుకున్న వైనం వచ్చేది. చివరికి ఇద్దరికీ ముందే తెలిసిన ధర దగ్గర ఆగేవాళ్లం. ఆ తరవాత కొసరు. కొసరు లేని కొనుగోలు ఒక కొనుగోలా? ఒక పసుపు కొమ్మో, గుప్పెడు గింజలో నా సంచిలో పడేస్తూ, "దిక్కుమాలిన బేరం, పేనం తీసేసినావు" అని తిట్టేది. ఆ తిట్టుతో నాకు వారం గడిచిపోయేది.

తరవాత ఆవిడకీ ఒక డబ్బా వచ్చింది. కోడలు పెట్టించిందట. మనం ఫోను చూపించే బొమ్మగళ్ల అట్ట మెడలో తాడుతో వేలాడేది, డబ్బా గంపలో చిక్కుడు గింజల మీద కూర్చునేది. నాకు నచ్చలేదు. నచ్చలేదని చెప్పాను కూడా. ఆవిడ నవ్వి, మా కోడలికి సెప్పుకో అంది. అయినా మా బేరం మా బేరమే. డబ్బా అరిచేది ఆఖర్న కదా.

చెడగొట్టింది డబ్బా కాదు, నేనే. పాత ఆఫీసువాళ్ల గ్రూపు ఒకటి ఉంది ఫోనులో. అందులో పొద్దున్నే పువ్వుల బొమ్మలు, మధ్యాహ్నం నీతులు వస్తాయి. ఒకరోజు ఒక నీతి వచ్చింది. పెద్ద మాల్‌లో అట్ట మీద రాసిన ధర నోరెత్తకుండా ఇచ్చి వస్తారు, ఎండలో కూర్చున్న గిరిజన ఆడమనిషి దగ్గర మాత్రం బేరమాడతారు, సిగ్గులేదా అని. రాసినవాడెవడో గట్టిగానే రాశాడు. నేను మామూలుగా ఇలాంటివాటికి లొంగను. కానీ ఆ మాట పట్టుకుంది. నిజమే కదా అనిపించింది. నా కాలక్షేపం కోసం ఆ మనిషి నోటి దగ్గర కూడు లాక్కుంటున్నానా అనిపించి ఆ వారమంతా నలిగిపోయాను.

తరవాతి సంతకి మంచితనం పూనినదాన్నై వెళ్లాను. పసుపు ఎంతే అన్నాను. ఎప్పటిలాగే ఆకాశంలోంచి ధర దించింది. సరే అన్నాను.

ఆవిడ తలెత్తి చూసింది. "ఏటి?"

"సరే, ఇచ్చేయ్. ఆ విస్తళ్ల కట్ట కూడా ఇచ్చేయ్. ఎంతైతే అంత."

విస్తళ్లు నాకెందుకు? నేను కంచంలో తింటాను, ఆ కంచం ఎదురుగా ఇంకో కంచం కూడా ఉండదు. మొదలెట్టాక మంచితనం ఆగదు, అంతే. ఎంత చెప్పిందో అంతా ఫోనులో పంపాను. డబ్బా అరిచింది. ఆవిడ పసుపు మళ్లీ తూచింది, ముల్లు సరిగ్గా మధ్యకి తెచ్చింది, సంచిలో పోసింది. కొసరు వెయ్యలేదు. తిట్టలేదు. ఎప్పుడూ లేనిది రెండు చేతులతో సంచి అందించి, నా మొహంలోకి చూడకుండా, "జాగర్తగ ఎల్లప్పా" అంది. బేరం అయిపోయింది. ఇంకా పొద్దెక్కనే లేదు.

ఇంటికి వచ్చి పసుపు సీసాలో పోసుకుంటుంటే నాకు కోపం మొదలైంది. చూశావా, అడిగినంత ఇస్తే మాటే కరువైపోయింది. డబ్బు ఫోనులో పడ్డాక ఇంక నాతో పనేముంది ఆవిడకి? పుణ్యానికి పోతే పాపం ఎదురైందన్నట్టు, ఎక్కువ ఇచ్చి తక్కువ తెచ్చుకున్నాను. ఆ రోజంతా డబ్బాని తిట్టాను, అది పెట్టించిన కోడలిని తిట్టాను, అది కనిపెట్టినవాడిని తిట్టాను. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు పాలపాకెట్ కుర్రాడి మీద కూడా విరుచుకుపడ్డాను. గుమ్మానికి తగిలించి పోతావే, తలుపు కొడితే నీ చెయ్యి అరిగిపోతుందా అని. వాడు బిత్తరపోయాడు. పాపం, తలుపు కొట్టొద్దని పోయిన చలికాలం చెప్పింది నేనే.

తరవాతి సంత రోజు బింకంగా వెళ్లాను. ఆవిడే ముందు పలకాలి, లేకపోతే నేను కదలకూడదు అనుకున్నాను. నన్ను దూరం నుంచే చూసింది. దగ్గరికి వెళ్లేసరికి గంప మీద గోనెపట్టా కప్పేసింది.

"ఈయాల నీకు అమ్మనప్పా. ఏటీ అనుకోకు. ఎల్లు."

పక్కన ఎవరో టూరిస్టు అమ్మాయి అల్లం అడిగితే పట్టా ఒక మూల ఎత్తి ఇచ్చింది. నా కళ్ల ముందే ఇచ్చింది. డబ్బా అరిచింది. నేను అక్కడ నిలబడి ఏం చెయ్యాలో తెలియక సంచి ఒక చేతిలోంచి ఇంకో చేతికి మార్చుకున్నాను. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఎందరో ఆఫీసర్ల చేత తిట్లు తిన్నాను, ఏనాడూ కళ్లలో నీళ్లు రాలేదు. ఆ రోజు వచ్చాయి. చీర కొంగుతో చెమట తుడుచుకున్నట్టు తుడుచుకుని వచ్చేశాను.

ఆ తరవాతి రోజులు చెప్పడం కష్టం. జరిగింది ఏమీ లేదు మరి. లేచేదాన్ని, వండేదాన్ని, తినేదాన్ని. గోడకి అవతల గదిలో వాళ్లెవరో పాటలు పెట్టుకుని గెంతేవారు. ఒకసారి ఫోను తీసి, ఎవరికి చెయ్యాలా అని పేర్లన్నీ పైనుంచి కిందిదాకా చూశాను. గ్యాసు, కరెంటు, పాలు, ఆటో, మందులు. మిగిలినవాళ్లు పువ్వుల బొమ్మలు పంపేవాళ్లు. ఆవిడ నంబరు లేదు. ఆవిడ డబ్బు పడే చోటు నా ఫోనుకి తెలుసు, ఆవిడ మాత్రం తెలియదు. కంపెనీకి ఒకసారి ఫోను చేశాను, రీచార్జి సంగతి అడుగుదామని. మీ కాల్ మాకు ఎంతో ముఖ్యం అని ఒక ఆడగొంతు చాలాసేపు చెప్పింది. నిజం చెప్పాలంటే వింటూ కూర్చున్నాను.

నాకు భయం ఏమిటంటే, ఆ ఒక్క మనిషీ పోతే ఇక నన్ను ఎరిగినవాళ్లు ఎవరూ మిగలరని. అదే భయం. దానికి ఇంకే అందమైన పేరూ లేదు.

సంత కాని రోజు, పొద్దున్న పది గంటల వేళ, గేటు చప్పుడైంది. చూస్తే ఆవిడ. ఒక్కతే. గంప లేదు, మెడలో అట్ట లేదు. సిగలో ఎప్పుడూ ఉండే పువ్వు కూడా లేదు. కాళ్లు మోకాళ్లదాకా ఎర్రదుమ్ము. చేతిలో గుడ్డమూట ఒకటి. లోపలికి రాకుండా అరుగు కింద నిలబడి మూట అరుగు మీద పెట్టింది. విప్పితే మానెడు సామబియ్యం.

"మొన్న సంతకి ముందే వొచ్చీదాన్నప్పా. మా కోడలికి పురుడు. ఆడపిల్ల. బేగి రానేకపోనాను. ఇల్లు సూడకుండా మళ్లీ నీకు అమ్మకూడదు కదా, అందుకే గంప మూసీనాను. మనసులో పెట్టుకోకు."

నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. "ఇల్లు చూడటమేమిటే?"

ఆవిడ నా వైపు జాలిగా చూసింది. గొంతు తగ్గించి అడిగింది.

"ఎవులు పోనారప్పా?"

"ఎక్కడికి?"

"సంతలో సావు మాట ఎత్తకూడదని ఆయాల అడగనేదు. పసుపు కొన్నావు. ఇస్తళ్లు కొన్నావు. ఎంతంటే అంత ఇచ్చీసినావు. సావు సరుక్కి కదా బేరమాడరు. నేనూ కొసరెయ్యనేదు, కొసరేత్తే ఇంకో సావు ఎంట వొత్తాదని. నీ మొకం కూడా అలాగే ఉంది."

వాళ్ల గూడెంలో అంతేనట. చావు సామాను కొనేటప్పుడు చెప్పిన ధర ఇచ్చి కిమ్మనకుండా పోవాలి. అమ్మినవాళ్లు ఆ ఇంటికి వెళ్లి, మానెడు గింజలు ఇచ్చి, కాసేపు కూర్చుని రావాలి. అప్పటిదాకా ఆ ఇంటివాళ్లకి ఇంకేదీ అమ్మకూడదు. నేను పంపిన డబ్బు డబ్బాలో పడ్డ క్షణం నుంచీ ఆవిడ నా ఇంట్లో పోయింది ఎవరా అని తలపోస్తూనే ఉంది. పురిటి ఇంట్లో పని తెమలగానే జీపెక్కింది, స్టాండు దగ్గర ఆటోవాళ్లని అడిగి ఇల్లు పట్టుకుంది.

నాకు నవ్వొచ్చింది ముందు. ఓసి పిచ్చిదానా, ఎవరూ పోలేదే, ఫోనులో ఎవడో నీతి రాస్తే విని నీకు మేలు చేద్దామనుకున్నాను అని చెప్పబోయాను. ఎవరూ పోలేదు. పోవడానికి నాకు ఎవరున్నారు? ఆ మాట నోటి చివరిదాకా వచ్చి అక్కడే ఆగిపోయింది. నవ్వు కూడా ఆగిపోయింది.

"మా అమ్మ," అన్నాను.

ఎందుకన్నానో నాకు తెలియదు. అబద్ధం కాదు. అమ్మ పోయింది. నేను పాడేరులో ఉండగా ఆఫీసుకి ఫోను వచ్చింది. ఘాటులో ఆ రోజు కొండచరియ విరిగి బస్సులు ఆగిపోయాయి. నేను చేరేసరికి అంతా అయిపోయింది, అన్నయ్య, ఇప్పుడు ఆయనా లేడు, స్నానం చేసి పంచె ఆరేసుకుంటున్నాడు. దినాలయ్యాక తిరిగి వచ్చి రిజిస్టరులో సంతకం పెట్టి మిషను ముందు కూర్చున్నాను. పెండింగ్ కాగితాలు చాలా ఉన్నాయన్నారు. టైపు కొట్టాను. సాయంత్రం గదికి వెళ్లి తాళం తీశాను. అంతే జరిగింది.

ఆవిడ గుండె మీద చెయ్యి పెట్టుకుంది. "ఓలమ్మా. ఎప్పుడప్పా?"

ఆ కళ్లలోకి చూస్తూ అబద్ధం చెప్పలేకపోయాను.

"చాలా ఏళ్లైందే. అప్పటికి నువ్వు నాకు తెలియను కూడా తెలియవు. మొన్న ఎవరూ పోలేదు. నేనే తెలివితక్కువగా బేరం మానేశాను."

తిడుతుందనుకున్నాను. పురిటి ఇల్లు వదిలి, జీపుకి డబ్బులు పోసి, కొండలు దిగి వచ్చిన మనిషి. తిట్టడానికి హక్కుంది. ఆవిడ మాత్రం ఏదో లెక్క కుదరనట్టు నుదురు ముడిచి నన్నే చూసింది.

"మరి అప్పుడు నీకాడికి ఎవులొచ్చారు?"

"పాడేరులో నా గదికా? ఎవరూ రాలేదు."

"ఎవులూ కూకోనేదా నీతోటి?"

"లేదు."

ఆవిడ దుమ్ము కాళ్లు ఒకదానితో ఒకటి రుద్దుకుంది. అరుగు ఎక్కింది. సామబియ్యం మూట పక్కకి జరిపింది.

"అయితే జరుగు," అని నా పక్కన కూర్చుంది.